పొగగొట్టం లేని కార్ఖానా

మా వీధి చివర 800 గజాల స్థలంలో పాత ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు మొదలుపెట్టినప్పుడు నా కంట పడింది దుమ్ము కాదు, టిప్పరు చక్రాలు. సెల్లారు తవ్వుతున్న రోజులవి. గోతిలోకి దిగిన టిప్పరు మొరం నింపుకుని పైకొచ్చేసరికి వెనక జంట టైర్ల సందులో ఎర్రమట్టి పిడచలు ఇరుక్కుని ఉండేవి. గేటు దాటి తారు రోడ్డెక్కగానే చక్రం తిరిగినప్పుడల్లా ఒక పిడచ రాలేది. గేటు దగ్గర మందంగా, పది గజాలు పోయాక పలచగా, మలుపు దగ్గర మరకలాగా. రాత్రి పదింటికి మొదలైన పని తెల్లవారుజామున నాలుగింటికి ఆగేది. పొద్దున్నే పాల ప్యాకెట్టుకు వెళ్తే ఆ పిడచలు ఇంకా తడిగానే ఉండి చెప్పులకు అంటుకునేవి. ఎనిమిదీ తొమ్మిదింటికి స్కూలు బస్సులూ ఆటోలూ తొక్కేవి. పదకొండయ్యేసరికి ఎదురింటివాళ్లు డాబా మీద ఆరేసిన తెల్లపంచె రంగు మారేది.

ముద్దగా ఉన్న మట్టి మనుషుల ఊపిరితిత్తుల్లోకి వెళ్లే పొడి కావడానికి ఓ పూట కూడా పట్టలేదు. ఆ మార్పు గేటు లోపల జరగలేదు, వీధిలో జరిగింది. సైటులో ఎవరిని అడిగినా ‘మా దగ్గర దుమ్మెక్కడుంది సార్, అంతా తడిమట్టే కదా’ అనేవాళ్లు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. నిర్మాణాల దుమ్మును అదుపు చేయాలనుకునే ఏ చట్టానికైనా మొదట ఎదురయ్యే చిక్కు ఇదే. దుమ్ముకు కారకుడు ఒకచోట ఉంటాడు, దుమ్ము మరోచోట లేస్తుంది.

కళ్లంలో తూర్పారబట్టడం చూసినవాళ్లకు దుమ్ము శాస్త్రం సగం తెలిసినట్టే. చేటెత్తి వదిలితే గట్టిగింజ కాళ్ల దగ్గరే పడుతుంది, తాలు కాస్త అవతల పడుతుంది, పొట్టు గాలితో పోతుంది. సైటు మీది గాలి చేసే పనీ ఇదే. తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. గాలి నిలకడగా ఉన్నరోజు మూడో అంతస్తు నుంచి, అంటే దాదాపు 10 మీటర్ల ఎత్తు నుంచి రాతిపొడి జారిందనుకుందాం. 100 మైక్రాన్ల రేణువు 20 సెకన్లలో నేల చేరుతుంది. 10 మైక్రాన్లదానికి 20 నిమిషాలకు పైనే పడుతుంది. రెండున్నర మైక్రాన్ల రేణువు దిగడానికి దాదాపు ఆరు గంటలు. వ్యాసం నాలుగో వంతయితే పడే వేగం పదహారో వంతవుతుంది, తేడా అక్కడ వస్తుంది. అసలు గాలి ఆరు గంటలు నిలకడగా ఎక్కడుంటుంది? ఈలోగా ఆ రేణువు ఊరు దాటిపోతుంది.

వార్తల్లో వినిపించే పీఎం 10, పీఎం 2.5 అన్న మాటలు ఈ కొలతల నుంచి వచ్చినవే. 10 మైక్రాన్లకు పైబడినవాటిని చాలావరకు ముక్కూ గొంతూ ఆపేస్తాయి. అంతకు తగ్గినవి శ్వాసనాళాల్లోకి దిగుతాయి. 2.5 కన్నా సన్నటివి ఊపిరితిత్తుల చివరి గాలిగదుల దాకా పోతాయి. మన దేశపు ప్రమాణం ప్రకారం ఒక ఘనమీటరు గాలిలో పీఎం 10 ఏడాది సగటున 60 మైక్రోగ్రాములు, రోజు సగటున 100 దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన హద్దులను 15కు, 45కు దించింది.

ఇక్కడ ఒక వింత ఉంది. సన్నపొడి తేలిక కదా, చిన్న గాలికే లేస్తుందనుకుంటాం. లేవదు. బాగా సన్నటి రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని నేలను కరుచుకుని ఉంటాయి. గాలికి అన్నిటికంటే తేలిగ్గా లేచేది 75 నుంచి 100 మైక్రాన్ల ఇసుకరేణువు. అది లేచి, గెంతి, పడినచోట సన్నపొడిని చిమ్ముతుంది. ఎడారిలో దుమ్ముతుపాను పుట్టేది అలాగే. నగరంలో ఆ గెంతే రేణువు పని టైరు చేస్తుంది. పైగా మట్టిని నలగ్గొడుతుంది కూడా. రోడ్డు తిరగలి కింది రాయి, టైరు పైరాయి, మధ్యలో మా వీధి మొరం.

2016లో ఐఐటీ కాన్పూర్ శాస్త్రవేత్తలు ఢిల్లీ ప్రభుత్వం కోసం తయారుచేసిన ఉద్గారాల లెక్కలో పీఎం 10లో 56 శాతం, పీఎం 2.5లో 38 శాతం రోడ్డు దుమ్మేనని తేలింది. అందులో నిర్మాణాల నుంచి వచ్చి పడ్డది ఎంతో ఆ వాటా విడిగా చెప్పదు. కానీ తారు రోడ్డుకు తనంతట తాను మట్టి పుట్టదు. అంచుల్లోని కచ్చా నేల నుంచో, మూతలేని లారీ నుంచో, సైటు గేటు నుంచో రావలసిందే.

దుమ్మంటే అందరికీ తోచే మందు నీళ్లు చల్లడం. అది నిజంగానే మందు. చిన్నప్పుడు తడి ఇసుకలో కాలు పెట్టి పిచ్చుకగూళ్లు కట్టినవాళ్లకు కారణం తెలుసు. రేణువుల సందుల్లో చేరిన నీటిపొర వాటిని దగ్గరకు లాగి పట్టి ఉంచుతుంది. ఆరగానే గూడు కూలుతుంది. సైటు నేలా అంతే. అమెరికా పర్యావరణ సంస్థ తన ఉద్గార గణాంకాల పుస్తకంలో రోజుకు రెండుసార్లు నీళ్లు చల్లితే దుమ్ము సగం దాకా తగ్గవచ్చని చాలాకాలం కిందటే రాసింది. మన మే నెల ఎండకు రెండుసార్లు ఏమూలకు? తడి గంటలో ఆవిరవుతుంది. పైగా చక్రాల కింద తడి ఎక్కువైతే మళ్లీ బురద, ఆ బురద మళ్లీ రోడ్డు మీదకు. అంతా తడపడం కాదు, ఎక్కడ తడపాలో తెలియడం ముఖ్యం. కంకర దించేచోట, గోడ పడగొట్టేచోట, రాయి కోసే బ్లేడు మీద.

గాలిలోకి నీటిని చిమ్మే పెద్ద ఫిరంగుల్లాంటి యంత్రాలను, యాంటీ స్మాగ్ గన్లను, టీవీలో చూసే ఉంటారు. ఢిల్లీ ప్రాంతంలో 5,000 చదరపు మీటర్లు దాటిన సైటుకు ఒకటి, 20,000 దాటితే నాలుగు ఉండాలని వాయునాణ్యత కమిషన్ ఆదేశించింది. వాటి మీద నాకు పెద్ద నమ్మకం లేదు. చెరువులో పడవ ముందుకు వస్తుంటే నీటి మీది ఆకు దానికి తగలకుండా పక్కకు జరిగిపోతుంది. పెద్ద నీటిబొట్టు చుట్టూ తిరిగే గాలి సన్నరేణువును అలాగే పక్కకు తప్పిస్తుంది. బొట్టూ రేణువూ ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉంటేనే ఢీకొంటాయి. అంత సన్నటి మంచు ఆరుబయట ఎండలో నిలవదు. దుమ్ము లేచేచోట గురిపెడితే కొంత మేలు, ఆకాశంలోకి చిమ్మితే లేదు. దుమ్మును లేవకుండా ఆపడం తేలిక, లేచాక పట్టడం చాలా కష్టం.

సిమెంటు ఫ్యాక్టరీకి పొగగొట్టం ఉంటుంది. గొట్టంలో మీటరు పెడితే గంటకెంత దుమ్ము పోతోందో తెలుస్తుంది, తెలిస్తే ధర కట్టవచ్చు. గుజరాత్‌లోని సూరత్‌లో 2019 నుంచి చేసింది అదే. ఫ్యాక్టరీల గొట్టాలకు మీటర్లు బిగించి, మొత్తం మీద ఇంతే దుమ్ము వదలాలని హద్దు పెట్టి, ఆ వదిలే హక్కును ఫ్యాక్టరీలు తమలో తాము కొనుక్కునే, అమ్ముకునే బజారు తెరిచారు. రేణు కాలుష్యానికి ప్రపంచంలో అదే మొదటి బజారు. దాన్ని అధ్యయనం చేసిన ఆర్థికవేత్తలు దుమ్ము 20 నుంచి 30 శాతం తగ్గిందని ప్రకటించారు.

కట్టడానికి గొట్టమెక్కడిది? దాని దుమ్ము గేటు నుంచి, గోడల మీద నుంచి, లారీ వెనక నుంచి, మూడో అంతస్తు కిటికీ నుంచి పోతుంది. కొలవబోతే ఏమవుతుందో చూడండి. అమెరికా సంస్థ పుస్తకం ప్రకారం పని జరుగుతున్న ఒక ఎకరం సైటు నెలకు సుమారు 1,100 కిలోల దుమ్ము వదులుతుంది. చైనాలో పలు రాష్ట్రాల పన్నుశాఖలు వాడే పట్టిక ప్రకారం భవన నిర్మాణంలో చదరపు మీటరుకు నెలకు 1.01 కిలోలు, అంటే ఎకరానికి 4,000 కిలోలకు పైనే. దాదాపు నాలుగు రెట్ల తేడా. రెండు లెక్కలూ ఎవరో కూర్చుని ఊహించినవి కావు. నేల, వాన, గాలి, పని తీరు, ఏ సైజు రేణువులను లెక్కలోకి తీసుకున్నారన్నది, అన్నీ వేరు. కొలత ఇంతగా ఊగే దాని మీద ‘నువ్వు ఇంత వదిలావు, ఇంత కట్టు’ అంటే కోర్టులో ఒక్క వాయిదాకు నిలవదు.

అందుకే ఈ విషయంలో ముందడుగు వేసిన ఊళ్లన్నీ కొలత పక్కనబెట్టి కంటికి కనిపించేవాటిని పట్టుకున్నాయి. దక్షిణ కాలిఫోర్నియాలో 1976లో వచ్చిన 403వ నంబరు నిబంధన ఇందుకు మంచి ఉదాహరణ. సైటు సరిహద్దు దాటి దుమ్ము కంటికి కనిపించకూడదు. సైటు నుంచి రోడ్డెక్కిన మట్టి 25 అడుగులకు మించి సాగకూడదు. సాగితే వెంటనే తీసేయాలి, ఎంత కొంచెమైనా ఆ రోజు పని ముగిసేలోగా శుభ్రం చేయాలి. 25 అడుగులు! దీనికి ప్రయోగశాల అక్కర్లేదు, ఇన్‌స్పెక్టరు జేబులో టేపుంటే చాలు. నేను ఈ నిబంధన మొదటిసారి చదివినప్పుడు మా వీధి గుర్తొచ్చి చాలాసేపు ఆ పేజీ దగ్గరే ఆగిపోయాను.

హాంకాంగ్ 1997లో నిర్మాణ దుమ్ముకు విడిగా నిబంధనలు తెచ్చింది. పునాది, కూల్చివేత, రోడ్డు పని వంటివి మొదలుపెట్టేముందు కాంట్రాక్టరు ప్రభుత్వానికి నోటీసు ఇవ్వాలి. వీధి వైపు కనీసం 2.4 మీటర్ల ఎత్తు కంచె కట్టాలి. 20 బస్తాలు మించిన సిమెంటు నిల్వను పూర్తిగా కప్పాలి, లేదంటే పైనా మూడు పక్కలా మూసిన చోట పెట్టాలి. బయటికి పోయే ప్రతి దారిలో చక్రాలు కడిగే ఏర్పాటు ఉండాలి. చదివితే ఇంటిపెద్ద పిల్లలకు చెప్పే జాగ్రత్తల్లా ఉంటాయి. వాటి బలం కూడా అదే. పాటించారో లేదో దారినపోయేవాడు కూడా చెప్పగలడు.

కానీ నియమం ఉన్నంత మాత్రాన ఎవరైనా డబ్బు ఖర్చుపెట్టి చక్రం ఎందుకు కడుగుతాడు? కడిగితే ఖర్చు అతనిది, లాభం వీధిది. కడగకపోతే ఆదా అతనిది, దగ్గు వీధిది. ఈ లెక్కను సరిచేయాలంటే హానికి ధర కట్టాలని ఇంగ్లండు ఆర్థికవేత్త ఆర్థర్ పిగూ 1920లోనే వాదించాడు. కొలవలేనిదానికి ధర కట్టడం ఎలాగో బీజింగ్ 2015లో చూపించింది. ఆ ఏడాది మార్చి నుంచి నిర్మాణాల దుమ్ముకు కిలోకు 3 యువాన్ల రుసుము పెట్టింది. జాగ్రత్తలన్నీ పాటించి ఆదర్శ సైటుగా పేరు తెచ్చుకుంటే అందులో సగం, 1.5 యువాన్లు. నిర్లక్ష్యం చేస్తే రెట్టింపు, 6 యువాన్లు. ఒకే దుమ్ముకు నాలుగు రెట్ల తేడా. 2018 జనవరి నుంచి చైనా అంతటా ఈ రుసుముల స్థానంలో పర్యావరణ పన్ను వచ్చింది.

మరి కిలోలు ఎలా లెక్కిస్తారు? మీటరుతో కాదు, ఇందాక చెప్పిన పట్టికతో. సైటు వైశాల్యాన్ని నెలలతో, 1.01తో గుణించి, తీసుకున్న ఒక్కో జాగ్రత్తకు కొంత తగ్గిస్తారు. 1.01లోంచి పోయే ఆ తగ్గింపులు చూడండి. సైటు చుట్టూ కంచెకు 0.047. బయటపడిన నేలను కప్పినందుకు 0.047. సైటులోని దారిని గట్టిపరిస్తే 0.071. చక్రాలు కడిగే యంత్రానికి 0.31. గొట్టం పెట్టి చేత్తో కడిగితే దానిలో సగం. అంటే మిగతావన్నీ కలిపినదానికన్నా చక్రం కడగడం ఒక్కటే ఎక్కువ. మనకు కనిపించే పచ్చ పరదాకు అందులో వచ్చే మార్కులు చాలా తక్కువ. మన దగ్గరేమో పరదా కట్టిన సైటు మంచి సైటు.

మన దేశంలో నియమాలు లేవనుకోకండి. 2018 జనవరి 25న కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చిన నోటిఫికేషన్ నిర్మాణ దుమ్ము మీదే. గాలి ప్రమాణాలు దాటిన నగరాల్లో, పర్యావరణ అనుమతి అవసరమయ్యే పెద్ద కట్టడాలకు దుమ్ము నివారణ ప్రణాళిక లేకుండా పని మొదలుకాకూడదు. సైటుకు వెళ్లే దారికి తారు వేయాలి. ఇసుక, మట్టి, శిథిలాలు కప్పి ఉంచాలి. భవనం ఎత్తులో మూడో వంతు, గరిష్ఠంగా 10 మీటర్ల గాలిఅడ్డు కట్టాలి. తీసుకుంటున్న జాగ్రత్తలు జనానికి కనిపించేలా బోర్డు మీద రాయాలి. ఇక చిన్నాపెద్దా తేడా లేకుండా ఏ నగరంలోనైనా రాళ్లూ టైల్సూ ఆరుబయట కోయకూడదు, రోడ్డు పక్కన సామగ్రి పోయకూడదు, పట్టా కప్పని లారీ తిరగకూడదు. ఈ మూడూ మీ వీధిలో ఎవరైనా పాటించగా చూశారా? నేను చూడలేదు.

కారణం జరిమానాల తీరులో ఉంది. 2015 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీలో దుమ్ము రేపే బిల్డరుకు తప్పుకు 50,000 రూపాయలు, మూతలేని వాహనానికి 5,000 రూపాయలు విధించమంది. కోట్లు పెట్టి కట్టేవాడికి 50,000 అంటే కంకర, ఇసుక ఖర్చుల పక్కన రాసుకునే ఇంకో పద్దు. అదీ దొరికినప్పుడు. 2023 జన విశ్వాస్ చట్టం పర్యావరణ చట్టంలోని జైలుశిక్షలు చాలావాటిని తీసేసి 10,000 నుంచి 15 లక్షల దాకా జరిమానాలు పెట్టింది. పై హద్దు పెరిగింది నిజమే. కానీ జరిమానా ఎంత పెద్దదైనా తప్పు జరిగాక వచ్చేది. అధికారి రావాలి, చూడాలి, రాయాలి, నోటీసివ్వాలి, వాదన వినాలి. ఈలోగా సెల్లారు పూర్తయి, టిప్పర్లు ఇంకో వీధికి పోతాయి.

ఢిల్లీ చివరికి పట్టుకునే ఆయుధం నిషేధం. శీతకాలంలో గాలి మరీ విషమిస్తే పనులన్నీ ఆపేస్తారు. అన్నిటికంటే మొద్దు ఆయుధం ఇది. చక్రాలు కడిగినవాడికీ కడగనివాడికీ ఒకే శిక్ష. జాగ్రత్తలకు డబ్బు పెట్టినవాడు ‘దేనికి పెట్టాను’ అనుకుంటాడు. అసలు దెబ్బ పడేది అడ్డా మీద నిలబడే కూలీకి. 2021 నవంబరులో పనులు ఆపినప్పుడు కార్మికులకు సంక్షేమ నిధి నుంచి బతుకుదెరువు భత్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఢిల్లీ ప్రభుత్వం తలా 5,000 రూపాయలు ప్రకటించింది. ఆ నిధి ఎక్కడిదంటే, 1996 చట్టం ప్రకారం ప్రతి పెద్ద కట్టడం ఖర్చులో 1 శాతం సెస్సుగా వసూలు చేసింది. పేరు నమోదైన కూలీకే ఆ డబ్బు అందుతుంది. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి నగరాలకు పనికి వెళ్లి, కాంట్రాక్టరు మారితే ఊరే మారే మనుషుల్లో ఎందరికి ఆ కార్డుంటుంది? దుమ్మును ఎక్కువగా పీల్చేది వాళ్లే, దుమ్ము పేరు చెప్పి పస్తుండేదీ వాళ్లే. ఏ విధానమైనా నన్ను ఒప్పించాలంటే మొదట ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి.

నిరుడు మా ఇంటి వంటగదిలో గట్టు మార్పించినప్పుడు ఓ కుర్రాడు గ్రానైటు కోయడానికి వచ్చాడు. చేతిలో కటింగ్ మిషను, ముఖానికి తువ్వాలు. మిషను ఆన్ చేసి రాయి మీద పెట్టగానే తెల్లటి పొగ లేచి, పది సెకన్లలో అతని ముఖమే కనబడలేదు. గ్రానైటులో క్వార్ట్‌జ్ ఉంటుంది, అంటే సిలికా స్ఫటికం. దాని సన్నపొడి ఊపిరితిత్తుల్లో చేరితే అక్కడి కణాలు దాన్ని అరిగించలేక చచ్చిపోతాయి, ఆ చోటు మచ్చకట్టి గట్టిపడుతుంది. ఆ జబ్బు పేరు సిలికోసిస్. నయం చేసే మందు లేదు. ఇదే పొడి ఊపిరితిత్తుల క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1997లోనే ఖరారు చేసింది. తువ్వాలు పెద్ద రేణువులనే ఆపుతుంది.

‘నీళ్లు పోస్తూ కోయొచ్చు కదా తమ్ముడూ’ అన్నాను.

‘నీళ్లు పడితే గీసిన గీత పోతుంది సార్. కోత వంకరైతే రాయి డబ్బులు నేనే కట్టాలి. పైగా కరెంటు మిషను, షాకు కొడుతుంది’ అన్నాడు. కాసేపాగి, ‘అడుగుల లెక్కన ఇస్తారు సార్ మాకు. నీళ్లతో చేస్తే రోజుకు సగం పనే అవుతుంది’ అన్నాడు.

అతను చెప్పిన మూడు కారణాలూ నిజమే, మూడింటికీ విరుగుడు ఉంది. నీటికి చెరగని మైనపు పెన్సిలు ఉంది. బ్లేడుకు నీరందించే గొట్టం అమర్చిన మిషను, ప్రాణరక్షణకు కరెంటు తెంపే స్విచ్చి ఉన్నాయి. నీరందించే మిషను లేకపోతే ఇంకొకరు మూతకు రంధ్రం పెట్టిన నీళ్ల సీసాతో బ్లేడు ముందు ధారపోస్తూ ఉంటే చాలు, పొగ స్థానంలో బూడిదరంగు బురద కారుతుంది. ఆ రోజు మిగతా కోతలకు సీసా పట్టుకుని నేనే కూర్చున్నాను, కరెంటు స్విచ్చి దగ్గర మా అబ్బాయిని నిలబెట్టి. కానీ అడుగుల లెక్కన కూలీ ఉన్నంతకాలం, పొడిగా కోయడానికే మనం అతనికి డబ్బిస్తున్నాం. ప్రోత్సాహకం అన్న మాటను అధికారులు పెద్ద బిల్డర్లకిచ్చే రాయితీలకే వాడతారు. నిజానికి దుమ్ము లేచే క్షణంలో నిర్ణయం తీసుకునేది బిల్డరు కాదు, మిషను పట్టుకున్నవాడు. తడికోతకు అడుగుకు ఇంత అని విడిగా రేటు రాస్తే ఆ నిర్ణయం మారుతుంది. అమెరికా కార్మిక భద్రతా సంస్థ 2016లో తెచ్చిన సిలికా నిబంధనలో యజమానికీ ఇలాంటి ఎర ఒకటి ఉంది. పనివారీగా ఇచ్చిన పట్టికలో చెప్పినట్టు నీటితో కోస్తే గాలిలో సిలికా ఎంతుందో కొలిపించే బాధ్యత ఉండదు. కొలత ఖరీదు, నీళ్లు చవక. మనిషి చవకైనదే ఎంచుకుంటాడు.

ఇక పెద్ద కట్టడాల సంగతి. మన దగ్గర దీనికి కొత్త ఆయుధం వెతకనక్కర్లేదని నా నమ్మకం. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో 168వ నంబరు జీవోగా వచ్చిన భవన నిర్మాణ నిబంధనల్లో ఒక ఏర్పాటుంది. ప్లాను మంజూరుకు ముందు బిల్డరు కట్టబోయే వైశాల్యంలో 10 శాతాన్ని స్థానిక సంస్థకు తనఖా పెట్టాలి. ప్లాను ప్రకారం కట్టి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తెచ్చుకుంటే తనఖా విడిపిస్తారు. హైదరాబాదులో ఫ్లాటు కొనబోతే ‘ఇది మార్ట్‌గేజ్ ఫ్లాటు, ఇప్పుడే రిజిస్ట్రేషన్ కాదు’ అన్న మాట వినే ఉంటారు, అది ఇదే. పది ఫ్లాట్లు కడితే ఒక ఫ్లాటు ప్రభుత్వం గుప్పిట్లో ఉన్నట్టు. ఇప్పుడు ఆ గుప్పిట అదనపు అంతస్తు వేశాడా, సెట్‌బ్యాకు వదిలాడా అని మాత్రమే చూస్తుంది. రోడ్డు మీద మట్టి వదిలాడా అని కూడా చూస్తే? గేటు దగ్గర కెమెరా, చక్రాలు కడిగే తొట్టి, నెలనెలా ఫొటోలతో నివేదిక. ఢిల్లీ ప్రాంతంలో 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు దాటిన ప్రతి స్థలమూ దుమ్ము పోర్టల్లో నమోదై, కెమెరా, రేణువుల సెన్సరు పెట్టుకుని, తన తనిఖీ తానే రాసిపంపాలని ఇప్పటికే నియమం ఉంది. దాని వెనక తనఖా లేదు, అందుకే అది కాగితం పనిగా మిగులుతోంది. రెండూ కలిపితే, శుభ్రంగా పని చేసినవాడికి తనఖా మూడు నెలలు ముందే విడిపించవచ్చు. వడ్డీ కడుతున్న బిల్డరుకు మూడు నెలలంటే ఎంత డబ్బో అతన్నే అడగండి. జరిమానా భయానికి కడగని చక్రాన్ని ఆ మూడు నెలల కోసం కడుగుతాడు.

తొట్టి పెద్ద యంత్రమేమీ కాదు. గేటు లోపల చక్రాలను కుదిపి మట్టి రాల్చే ఇనుప చువ్వల మెట్టు, దాని కింద గుంత, కారు కడిగే రకం ప్రెషరు పంపు, మట్టి దిగి నీరు తేరుకునే రెండో గుంత. అదే నీరు మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. నీళ్ల కరువున్న ఊళ్లలో ఇది ముఖ్యం.

దీన్ని పక్కన పెట్టి మనం చేస్తున్న ఖర్చు చూడండి. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో 131 నగరాలున్నాయి, మన రెండు రాష్ట్రాలవీ వాటిలో ఉన్నాయి. ఆ డబ్బులో 64 శాతం రోడ్ల దుమ్ము మీదే పెట్టారని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2024లో లెక్క తీసింది. బండ్ల పొగ, చెత్త మంటలు, ఫ్యాక్టరీల వాటా చాలా తక్కువ. ఆరోగ్యానికి ఎక్కువ కీడు చేసేది మంటల నుంచి పుట్టే సన్నరేణువులు కాబట్టి ఇది తలకిందుల పంపకమని ఆ సంస్థ అంది, నేనూ అదే అంటాను. ఆ దుమ్ము డబ్బులో ఊడ్చే యంత్రాలు, నీళ్లు చల్లే ట్యాంకర్లు కొంటున్నారు. ఒకరు గేటు దగ్గర వదిలిన మట్టిని జనం పన్నుతో ఊడుస్తున్నాం. అదే మట్టిని అతని చేతే గేటు లోపల కడిగిస్తే ఆ డబ్బు మంటల పనికి మిగులుతుంది.

చిన్న ఇళ్ల దగ్గర ఈ పద్ధతి పనిచేయదు. తెలంగాణలో 75 గజాల లోపు స్థలానికి అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 600 గజాల దాకా స్వీయ ధ్రువీకరణతో అప్పటికప్పుడు అనుమతి వస్తుంది. అప్పుచేసి ఇల్లు కట్టుకునే మనిషి ఇసుక కుప్ప రోడ్డు మీద కాక ఎక్కడ పోయిస్తాడు, స్థలమంతా పునాదే కదా? అతనికి 50,000 జరిమానా వేయడం అన్యాయం. అతనికి కావలసింది ఒక మంచి టార్పాలిన్ పట్టా, అద్దెకు దొరికే తడికోత మిషను, పాత ఇంటి శిథిలాలు తీసుకెళ్లడానికి ఫోను చేస్తే వచ్చే బండి. హైదరాబాదులో జీడిమెట్లలో, ఫతుల్లగూడలో రోజుకు 500 టన్నుల చొప్పున శిథిలాలను పిండిచేసి మళ్లీ ఇసుక, కంకర తీసే కేంద్రాలున్నాయి. భారతీయ ప్రమాణం ఐఎస్ 383, 2016 నుంచి మామూలు కాంక్రీటులో ఇలాంటి కంకర 25 శాతం దాకా, ఎం 25 వరకు ఇనుము వేసే కాంక్రీటులో 20 శాతం దాకా వాడనిస్తోంది. శిథిలాలకు బండి కబురు చేసినవాడికి అక్కడ తీసిన ఇసుక, కంకర చవకగా ఇస్తే, రాత్రివేళ చెరువుగట్టున పారబోసే ట్రాక్టరుతో పోటీ పడవచ్చు. పారబోసిన ఆ గుట్టలే ఎండాకాలం గాలికి మళ్లీ లేచేవి.

అమెరికాలో ఫీనిక్స్ నగరం ఉన్న మారికోపా కౌంటీలో ఎకరంలో పదో వంతు, అంటే 484 గజాలు కదిలించినా దుమ్ము పర్మిట్ కావాలి. ఐదెకరాల సైటయితే ఫిర్యాదు చేయడానికి ఫోను నంబరుతో బోర్డు పెట్టాలి. మా వీధి సైటుకూ బోర్డుంది. అందులో బిల్డరు పేరు, అంతస్తులు, అనుమతి సంఖ్య ఉన్నాయి. దుమ్ముకు నంబరు లేదు.

ఆ సెల్లారు పని ఆఖరి వారంలో ఓ పొద్దున, బస్సులు రాకముందే, ఇంట్లో ఉన్న టేపు పట్టుకుని గేటు దగ్గరికి వెళ్లాను. వాచ్‌మన్ వచ్చి, ‘ఏం కొలుస్తున్నారు సార్’ అని అడిగి, నేను చెప్పగానే మాట్లాడకుండా టేపు రెండో కొస పట్టుకున్నాడు. ఆయన భార్యాపిల్లలూ ఆ గేటు పక్క రేకుల గదిలోనే ఉంటున్నారు. మట్టి జాడ మలుపు దాకా వెళ్లింది. టేపు నాలుగుసార్లు వేయాల్సి వచ్చింది. 186 అడుగులు.